మెటోడ్ కెమెరా బంతిని చూడలేదు

మా వెల్డన్‌లో నది ఒడ్డున ఉక్కు మిల్లు, మిల్లు వెనక కొండ, కొండెక్కే దారి సగంలో మెటోడ్ హుదాక్ సెలూన్. మిల్లు మసి ఎవరినీ వదిలేది కాదు. ఫాదర్ గారి తెల్ల అంగీ మీద కూడా పడేది. ఆ మసి తుడిచి, గడ్డం గీసి, ఎవరి ముఖం వాళ్ళకు తిరిగి అప్పగించడం మెటోడ్ పని. మెడ మీద కత్తి ఆనించి అతను అడిగే ప్రశ్నలకు ఊళ్ళో మగవాళ్ళు నిజమే చెప్పేవారు. నేను మాత్రం చెప్పేవాణ్ణి కాదు. సిస్టర్ల బడిలో బెత్తం ఎదురుగా నిలబడి అబద్ధాలాడి పెరిగినవాడికి కత్తి ఒక అడ్డా?

“చేప అంత పెద్దది కాదు ఎమిల్,” అనేవాడు నురగ పూస్తూ. “అబద్ధం వచ్చేముందు నీ ఎడమ కనుబొమ్మ లేస్తుంది. పాపం, అది నీకంటే నిజాయితీ గలది.”

మనిషి మాట్లాడుతుంటే మెటోడ్ మాట వినేవాడు కాదు, ముఖం చూసేవాడు. ఆ చూపుతోనే ఒక పాత సినిమా కెమెరా సంపాదించి, సెలవు రోజుల్లో పెళ్ళిళ్ళకు ఫిల్ము తీయడం మొదలుపెట్టాడు. మా అక్క పెళ్ళి అతనే తీశాడు. ఆ ఫిల్ములో ఉంగరం తొడిగిన ఘట్టం లేదు. సరిగ్గా ఆ సమయంలో కెమెరా మా నాన్న గొంతు మీద ఉంది. నాన్న గుటక మింగుతున్నాడు, అంతే. “ఉంగరం ఏదయ్యా?” అని అక్క ఏడాదిపాటు అతన్ని సాధించింది. నాన్న పోయాక ఆ మాట ఎత్తడం మానేసింది.

మా వైపు ఫుట్‌బాల్ అంటే బంతిని కాలితో తన్నడం తక్కువ. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తాలి, లేదా ముందు పరిగెడుతున్న మనవాడికి విసరాలి. అవతలివాళ్ళు మీదపడి నేలకు అణిచేస్తారు. శనివారం మధ్యాహ్నం మా హైస్కూలు జట్టు ఆడుతుంటే ఊళ్ళో పొగగొట్టం తప్ప ఏదీ కదిలేది కాదు. నేనూ నా రోజుల్లో ఆడాను. నేను మైదానంలోకి దిగడం చూసి ఒక జట్టు బస్సు దిగకుండానే వెనక్కి వెళ్ళిపోయింది. ఆ జట్టువాళ్ళెవరూ ఇప్పుడు బతికి లేరు కాబట్టి ఈ విషయంలో నా మాటే సాక్ష్యం.

జట్టుకు కోచ్ గిల్‌హూలీ అనే ఐరిష్ ఆయన. మెడ లేని మనిషి, తల నేరుగా భుజాల మీద పెట్టినట్టు ఉండేది. ఆటను మొత్తం ఫిల్ము తీసి, వారమంతా పిల్లలకు చూపించి, ఎవడు ఎక్కడ తప్పుగా నిలబడ్డాడో చెప్పాలని ఆయన కోరిక. స్కూలువాళ్ళు ఒక కెమెరా కొని మెటోడ్ చేతిలో పెట్టారు.

“ప్రేక్షకుల షెడ్డు పైకప్పు ఎక్కు,” అన్నాడు కోచ్. “ఇరవైరెండుమందీ కనబడాలి. నాకు ముఖాలు అక్కర్లేదు హుదాక్, ముఖాలు రోజూ చూసి చస్తూనే ఉన్నాను.”

మెటోడ్ ఒక ఏడాది పైకప్పు మీద నుంచి తీశాడు. ఆ తర్వాత అతనికి విసుగొచ్చింది. “చీమల పెళ్ళి తీస్తున్నట్టుంది,” అన్నాడు నాతో. ఊరుకోకుండా భార్య జోఫీని పైకప్పు ఎక్కించాడు.

“నన్ను అంత ఎత్తున కూర్చోబెట్టి నువ్వు కింద బురదలో పొర్లుతావా?” అంది జోఫీ.

“పైన గాలి బాగుంటుందే.”

“ఆ గాలంటేనే నా భయం.”

కానీ వెళ్ళింది. నిచ్చెన ఎక్కి, కెమెరా కాళ్ళ మధ్య కూర్చుని, బంతి కదిలినప్పుడు మీట నొక్కడం, ఆగినప్పుడు ఊలు అల్లుకోవడం. ఆట అంటే ఆవిడకు బొత్తిగా గిట్టదు. అందుకే కాబోలు చేయి వణకేది కాదు, ఫిల్ము చక్కగా వచ్చేది. మెటోడ్ తన సొంత పెళ్ళిళ్ళ కెమెరా పట్టుకుని మైదానం అంచున బోర్లా పడుకునేవాడు. ఫిల్మును లోపల వేగంగా తిప్పితే తెర మీద మనిషి నెమ్మదిస్తాడని పెళ్ళి నాట్యాల దగ్గర నేర్చుకున్నాడు. ఆ పద్ధతి ఇక్కడ పెట్టాడు. కుర్రాళ్ళు అతని మీదుగా దూకేవారు, ఒక్కోసారి అతని మీదే పడేవారు. వీపు కమిలిపోయేది. ఆదివారం పూజలో మోకరిల్లి లేవడానికి నా భుజం పట్టుకునేవాడు.

ఆ ఫిల్ములు అతని సెలూన్ గోడ మీద నాకు చూపించేవాడు. చర్చి హాల్లో పిల్లలకు బొమ్మల సినిమాలు వేసే యంత్రం నా చేతిలో ఉండేది కనుక నన్ను ఆ విద్యలో మనిషిగా లెక్కవేసేవాడు. చలిలో కుర్రాడి నోట్లోంచి వచ్చే ఆవిరి అంత నెమ్మదిగా లేచి విడిపోవడం నేను అంతకు ముందు చూడలేదు. పెదవి మీద బురద, కింద పడిన శత్రువుకి అందించిన చేయి, బల్ల మీద కూర్చుని తనను ఎప్పుడు పిలుస్తారా అని కోచ్ వీపు చూసే కుర్రాడు. బంతి మాత్రం ఎక్కడా ఉండదు.

“బంతి ఏది?” అన్నాను.

“ఎక్కడో ఉంటుంది,” అన్నాడు. “దాని కోసం వెతికేవాళ్ళు చాలామంది ఉన్నారుగా.”

ఇంకొకరికి చూపించమంటే సిగ్గుపడేవాడు. నవ్వుతారని అతని భయం.

ఇక్కడ మా లీగులో ఒక ఆచారం చెప్పాలి. వచ్చే వారం ఎవరితో ఆడబోతున్నామో వాళ్ళకి పోయిన వారం మన ఆట ఫిల్ము ఇవ్వాలి, వాళ్ళ ఫిల్ము మనం తీసుకోవాలి. ఆదివారం పూజ అయ్యాక, వంతెన పక్కనున్న చిన్న హోటల్లో ఈ ఇచ్చిపుచ్చుకోవడం. శనివారం సాయంత్రం మెటోడ్ రెండు ఫిల్ములూ బస్సు డ్రైవరు చేతికిస్తే, నగరంలో కడిగించి ఆదివారం పొద్దుటి బస్సులో తెచ్చి ఇచ్చేవాడు. రెండూ ఒకేలాంటి రేకు డబ్బాల్లో వచ్చేవి. జోఫీది కోచ్‌ల మధ్య తిరిగేది, మెటోడ్‌ది సెలూన్‌కి వెళ్ళేది.

ఆ ఏడాది చివరి ఆట నవంబరు చివర్లో వచ్చే కృతజ్ఞతా పండుగ రోజున, నది అవతలి పోర్ట్ కార్విన్‌తో. ఆ ఆట గెలిస్తే మిగతావన్నీ ఓడినా మా ఊరు క్షమిస్తుంది. ఆ ముందు ఆదివారం మెటోడ్ పెద్ద పూజకి వెళ్ళాడు. ఆ రోజుల్లో పూజలో ఇచ్చే దివ్యసత్ప్రసాదం తీసుకోవాలంటే ముందు రోజు అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. పైగా ఫాదర్ ఆ రోజు, మోక్షానికి ముందు పాపాలు కడుక్కునే ఉత్తరించే స్థలంలోని ఆత్మల గురించి ప్రసంగం ఎత్తుకుని, ఒక్కొక్క ఆత్మనూ విడివిడిగా పలకరించాడు. పూజ అయ్యేసరికి మెటోడ్‌కి కళ్ళు తిరుగుతున్నాయి. బుట్టలో రెండు డబ్బాలు పెట్టుకుని హోటల్‌కి చేరితే, పోర్ట్ కార్విన్ కోచ్ ప్రూయిట్ అక్కడ తాపీగా కూర్చుని ఉన్నాడు. ఆయన వేరే మతశాఖ మనిషి. వాళ్ళకి ఉపవాసం లేదు. ముందర పళ్ళెంలో వేయించిన పంది మాంసం, గుడ్లు, వెన్న కరుగుతున్న రొట్టె.

ఆ వాసనకి మెటోడ్ ఒక చేత్తో బుట్టలోని పై డబ్బా తీసి ఇచ్చి, రెండో చేత్తో వంటావిడని పిలిచాడు. పై డబ్బా తనది.

ఇంటికి వెళ్ళి భోజనం అయ్యాక గానీ సంగతి తెలియలేదు. పక్కింటికి పరిగెత్తి ఫోను చేశాడు.

“తప్పు డబ్బా ఇచ్చాను ప్రూయిట్ గారూ. అది నా సొంతది, ఆటకి పనికిరాదు. అసలుది తెచ్చి ఇస్తాను.”

“అక్కర్లేదు హుదాక్,” అన్నాడట ప్రూయిట్. “మా పిల్లలతో కూర్చుని చూస్తున్నాం. చాలా బాగా తీశారు. నిజంగా చాలా బాగుంది. ఇదే చాలు.”

మెటోడ్ ఆ ఫోను పెట్టి ఇంటికొచ్చిన తీరు జోఫీ చచ్చేదాకా చెప్పేది. తలుపు దగ్గరే నిలబడిపోయాడట. “ఏమన్నాడు?” అంటే, “నచ్చిందట జోఫీ, నా ఫిల్ము నచ్చిందట,” అన్నాడట. మెచ్చుకున్న మొదటి మనిషి అతనే. ఆ సంతోషంలో కోచ్‌కి ఒక మాట చెప్పాలని కూడా తోచలేదు. అయినా ముఖాలు చూసి ఎవరు ఏం బాగుపడతారు అనుకున్నాడు. కనుబొమ్మ చూసి నా చేపలు కొలిచే మనిషి అనుకోవలసిన మాట కాదది.

పండుగ రోజు ఆట మొదలైంది. మా క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి ముందుగా అందుకుని ఎవరికివ్వాలో, ఎటు విసరాలో తేల్చేవాడు, జెరోమ్ కొవాలిక్. వాడి తండ్రి ఓండ్రే మిల్లు ప్రమాదంలో పోయేనాటికి వాడు ఉయ్యాల్లో ఉన్నాడు. తల్లి వెరోనా మిల్లు ఆఫీసులు తుడిచి పెంచింది. వాడి చేయి ఎలాంటిదంటే, పొలిమేర నుంచి విసిరితే చర్చి గంట మోగేది. సరే, గంట సంగతి వదిలేయండి, చేయి మాత్రం గొప్పది.

ఆ రోజు వాడు బంతి విసరబోయిన ప్రతిసారీ, బంతి చేతికి రాకముందే పోర్ట్ కార్విన్ వాళ్ళు వెనక్కి జరిగి కాచుకుని ఉన్నారు. పరిగెత్తే పథకం వేసినప్పుడు మాత్రం ముందుకు ఉరికొచ్చేవారు. వాళ్ళ చెవిలో దేవదూత ఊదుతున్నట్టుంది. కోచ్ టోపీ నేలకేసి కొట్టాడు, తొక్కాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. చిత్తుగా ఓడిపోయాం.

ఆట అయ్యాక ప్రూయిట్ వచ్చి కోచ్‌తో చేయి కలిపి, రేకు డబ్బా అందించాడు.

“మీ బార్బరుకి నా థాంక్స్ చెప్పండి.”

“దేనికి?”

జవాబుగా ప్రూయిట్ బొటనవేలూ చూపుడువేలూ నాలుకకి తాకించి, పంట్లాం పక్కన తుడుచుకుని, మెడ కొంచెం ఎడమకి వంచాడు. తర్వాత లేని బంతిని గాల్లోకి విసిరి, టోపీ తీసి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

కోచ్ జెరోమ్ వైపు తిరిగాడు. “విసిరేముందు నువ్వు అలా చేస్తావా?”

“నాకు తెలీదు కోచ్,” అన్నాడు వాడు. నిజంగానే తెలియదు. పైకప్పు మీంచి చీమలా కనిపించే కుర్రాడి వేళ్ళు ఎవరికి తెలుస్తాయి? నేల మీద పడుకుని, నెమ్మదిగా నడిపించి తీసిన మెటోడ్ ఫిల్ములో మాత్రం ఆ వేళ్ళు తెర నిండా ఉన్నాయి.

మెటోడ్ అక్కడే ఉన్నాడు, మోచేతుల దాకా బురదతో. తప్పు డబ్బా సంగతి తనే చెప్పేశాడు. కోచ్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

“స్కూలు కెమెరా రేపు పంపించు,” అన్నాడు. “నీ కెమెరాతో నా మైదానం దగ్గర కనబడకు.”

ఊరు కూడా తీర్పు చెప్పింది, తన పద్ధతిలో. మరుసటి రోజు నుంచి సెలూన్‌కి ఎవరూ రాలేదు. పండుగ ఆట అయ్యాక చేయించుకుందామని నెలరోజులుగా క్షవరం వాయిదా వేసుకున్నవాళ్ళు కూడా ఇప్పుడు మానేశారు. చూస్తూ చూస్తూ మా మగవాళ్ళ చెవులు మాయమయ్యాయి. మిల్లులో ఫోర్‌మన్ వాళ్ళని వెనకనుంచి గుర్తుపట్టలేక ఆడవాళ్ళు పనిలోకొచ్చారేమోనని కంగారుపడ్డాడు. నేనొక్కణ్ణే వెళ్ళేవాణ్ణి. ఖాళీ కుర్చీల మధ్య కత్తి తోలుకి రాస్తూ కూర్చునేవాడు మెటోడ్.

జెరోమ్ పాట్లు వేరు. వాడి అలవాటు మాన్పించాలని కోచ్ జిమ్‌లో సాధన చేసేటప్పుడు వాడి వేళ్ళకి ఘాటు దుంప పూయించాడు. ఈస్టరుకి మా ఆడవాళ్ళు కళ్ళనీళ్ళు కారుస్తూ తురిమే దుంప. పాపం వాడు విసిరిన ప్రతిసారీ కళ్ళు తుడుచుకునేవాడు. అలా తుడుచుకున్నది కూడా ఆ వేళ్ళతోనే.

డిసెంబరు మొదట్లో ఒక ఆదివారం, జట్టుకి చర్చి హాల్లో విందు. ఏటా ఉండేదే. మధ్యాహ్నం భోజనాలు, తర్వాత ఆ ఏటి ఆటల ఫిల్ము. పొద్దున్నే నేను వెళ్ళి తెర కడుతుంటే మెటోడ్ వచ్చాడు, చంకలో డబ్బా.

“ఎమిల్, ఒక్కసారి ఈ తెర మీద వెయ్యవూ. గోడ మీదే చూశాను ఎప్పుడూ.”

“ఇప్పుడెందుకు?”

“రేపు కెమెరా బస్సెక్కుతోంది. నగరంలో ఒకతను కొంటానన్నాడు.”

“నీకు మతిపోయిందా?”

“ముఖాలు చూడ్డానికి కుర్చీ ఉందిగా,” అన్నాడు. “జనం మళ్ళీ వస్తే.”

నేను పరదాలు లాగి యంత్రం తిప్పాను. వంటగది కిటికీ తెరిచే ఉంది. లోపల ఆడవాళ్ళు క్యాబేజీ ఆకుల్లో మాంసమూ అన్నమూ చుడుతూ ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం లేదో లెక్కలు తేలుస్తున్నారు. తెర మీద బురద, ఆవిరి, మోకాళ్ళు. తర్వాత జెరోమ్. వేళ్ళు నెమ్మదిగా లేచి నాలుకను తాకాయి, కిందికి దిగి పంట్లాం పక్కన తుడుచుకున్నాయి, మెడ ఎడమకి వాలింది.

వెనక ఏదో పడిన చప్పుడైంది. వెరోనా వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ చేతిలోని గరిటె కింద పడింది.

ఆవిడ కొడుకు ఆట ఒక్కసారి కూడా చూడలేదు. వాణ్ణి ఎవరో పడేస్తుంటే చూడలేక, ఆట సాగినంతసేపూ చర్చిలో జపమాల తిప్పుతూ కూర్చునేది.

“మళ్ళీ వెయ్యి,” అంది.

నేను ఫిల్ము వెనక్కి తిప్పాను. వెనక్కి తిరుగుతుంటే మెడ లేచింది, వేళ్ళు పంట్లాం మీంచి నాలుకకి వెళ్ళాయి. మళ్ళీ ముందుకి వేశాను.

“మళ్ళీ.”

వేశాను. ఆవిడ బల్ల మీద కూర్చుంది, క్యాబేజీ తడి చేతులు ఒళ్ళో పెట్టుకుని.

“అది ఓండ్రే,” అంది.

మెటోడ్ తల తిప్పాడు. “జెరోమ్ కదా వెరోనా.”

“ముఖం వీడిది. ఆ వేళ్ళు ఓండ్రేవి. పేకముక్కలు పంచేముందు ఇలాగే. అకార్డియన్ వాయించేముందు ఇలాగే. ఈ హాల్లోనే, అదిగో ఆ స్తంభం దగ్గర, నన్ను నాట్యానికి రమ్మని అడిగే ముందు వేళ్ళు నాలుకకి తాకించి పంట్లానికి తుడుచుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోలేక సరేనన్నాను.” తడి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. “ఫోటోలు రెండున్నాయి ఇంట్లో. రెండింట్లోనూ కర్రలా నిలబడ్డాడు. కదిలితే ఎలా ఉండేవాడో మరిచిపోతున్నానని భయంగా ఉండేది. వీడికెవరు నేర్పారు మెటోడ్? వీడు చూడను కూడా లేదే.”

మెటోడ్ జేబురుమాలు ఇచ్చాడు. అందులో ఎవరి వెంట్రుకలో ఉన్నాయి. ఆవిడ దులుపుకుని కళ్ళు తుడుచుకుంది.

“నువ్వింక తియ్యవట కదా,” అంది.

“తియ్యనివ్వరు.”

“ఎవరు?”

జవాబు కోసం ఆగకుండా ఆవిడ లేచి గరిటె ఎత్తుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం హాలు నిండింది. పొడుగు జుట్టు తండ్రులు, కొత్త చొక్కాల కుర్రాళ్ళు, కోచ్ పక్కన ఫాదర్. మెటోడ్, జోఫీ తలుపు దగ్గర చివరి బల్ల మీద. భోజనాలయ్యాక కోచ్ లేచి నాకు సైగ చేశాడు.

“పైకప్పు ఫిల్ము వెయ్యి ఎమిల్.”

అప్పుడు వంటగదిలోంచి వెరోనా వచ్చింది, ఏప్రన్ విప్పకుండానే. పదిమందిలో ఆవిడ గొంతు మేమెవరమూ విని ఎరగం.

“కోచ్ గారూ, రెండోది వెయ్యమనండి. మెటోడ్‌ది.”

“అమ్మా, ఆ ఫిల్ము వల్లే కదా ఆట పోయింది.”

“తెలుసు.”

“ఊరంతా ఇంకా ఏడుస్తోంది.”

“ఏడవనీండి. ఆట ఊరందరిదీ. ఆ వేళ్ళు మా ఆయనవి. నేను ఇంకోసారి చూడాలి.”

కోచ్‌కి అర్థం కాలేదు. కానీ మా నాన్నల తరం వాళ్ళకి అర్థమైంది. ఓండ్రేతో పేకాడినవాళ్ళు. ఒక ముసలాయన బల్ల వెనకనుంచి నెమ్మదిగా అన్నాడు: “అరె, అవును. ముక్కలు పంచేముందు.” పక్కాయన తల ఊపాడు. జెరోమ్ ఎర్రబారిన వేళ్ళని చూసుకుంటున్నాడు, అవి ఎవరివో ఇప్పుడే చెప్పినట్టు.

ఫాదర్ గొంతు సవరించుకున్నాడు. “వెయ్యి ఎమిల్,” అన్నాడు. ఫాదర్ అన్నాక కోచ్ ఏమంటాడు? కూర్చున్నాడు.

వేశాను. మొదట బురద, ఆవిరి వచ్చాయి. తర్వాత ఒకావిడ “అది మా వాడి చెవే,” అంది. ఇంకొకరు తమ కొడుకు అంత కంగారుపడతాడని తెలియదన్నారు. బల్ల మీద కూర్చున్న కుర్రాడు వచ్చినప్పుడు వాళ్ళమ్మ వాణ్ణి హాల్లో ఎక్కడున్నాడోనని వెతికి దగ్గరికి లాక్కుంది. జెరోమ్ వేళ్ళు నాలుకకి వెళ్ళినప్పుడు హాలంతా వెరోనా వైపు తిరిగింది. ఆవిడ తెర వైపే చూస్తోంది. నవ్వుతోంది, ఆ స్తంభం దగ్గర నవ్విన నవ్వే కాబోలు.

ఆ వెంటనే తెర మీద కోచ్ గిల్‌హూలీ ముఖం వచ్చింది. ప్రార్థనతో ఎవడూ ఆట గెలవడు, భుజంతో గెలుస్తాడు అని కుర్రాళ్ళకి ఇరవై ఏళ్ళుగా చెప్పే మనిషి. కెమెరా తన మీద ఉందని తెలియక, పెదవులు కదుపుతున్నాడు. సిస్టర్ల దగ్గర చదివినవాడికి ఆ కదలిక తెలియకపోవడం ఉండదు. “దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా” అనేది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మాకు నిద్రలోనూ తెలుసు. హాల్లో ముందు ఒక మూల నవ్వు పుట్టింది. తర్వాత ఫాదర్ నవ్వాడు. ఆ తర్వాత ఇంకెవరూ ఆపుకోలేదు.

కోచ్ చెవులు ఎర్రబడి ఉంటాయి, జుట్టు వల్ల కనబడలేదు. లేచి హాలు దాటి చివరి బల్ల దగ్గరికి వెళ్ళాడు. మెటోడ్ లేచి నిలబడ్డాడు.

“హుదాక్.”

“చెప్పండి కోచ్ గారూ.”

“మెడ మీద దురద పెడుతోంది. రేపు ఖాళీయా?”

“రేపు బస్సెక్కాలండీ.”

“బస్సు ప్రతి సోమవారం ఉంటుంది,” అన్నాడు కోచ్. “నా మెడ ఆగదు.”

“మీకు మెడ ఉందా?” అంది జోఫీ. ఆ మాటతో సంధి కుదిరింది.

జెరోమ్ వేళ్ళ సంగతి వెరోనాయే తేల్చింది. “ఆ దుంప పూయడం ఆపండి,” అంది కోచ్‌తో. “ఎప్పుడో ఒకసారి చేస్తేనే కదా వాళ్ళు పట్టుకునేది. ప్రతిసారీ చెయ్యమనండి. బంతి విసిరినా, ఇంకొకడికిచ్చినా, ఊరికే నిలబడినా. వాళ్ళ నాన్న ఏ పనికైనా అంతే.”

మరుసటి ఏడాది పండుగ రోజు, పోర్ట్ కార్విన్‌తో ఆట. జెరోమ్ ప్రతి పథకానికీ ముందు వేళ్ళు తడిచేసుకున్నాడు. ప్రూయిట్ కుర్రాళ్ళు వెనక్కి జరగాలా ముందుకు ఉరకాలా తెలియక ఒకళ్ళనొకళ్ళు గుద్దుకున్నారు. వెరోనా మొదటిసారి వచ్చి ప్రేక్షకుల్లో కూర్చుంది, జపమాల చేతికి చుట్టుకుని. ఆట చివరికొచ్చేసరికి మేం కొంచెం వెనకబడి ఉన్నాం. ఒక్క విసురు మిగిలింది. కోచ్ మైదానం అంచున పడుకున్న మెటోడ్ పక్కన వంగి, “ఈ ఒక్కసారికి బంతిని తియ్యవయ్యా బాబూ,” అన్నాడు. మెటోడ్ అలాగేనన్నాడు.

తర్వాత అతని ఫిల్ము చూస్తే ఏముంది? జెరోమ్ వేళ్ళు. ఆ వెంటనే కెమెరా తిరిగిపోయింది, ప్రేక్షకుల వైపు. వెరోనా. చేతిలో పూసలు ఆగిపోయాయి. లేచి నిలబడింది. రెండు చేతులతో ముఖం కప్పుకుని, వేళ్ళ సందులోంచి ఒక కంటితో చూస్తోంది. ఆ కన్ను నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, ఎడమనుంచి కుడికి వెళ్ళింది. ఆగింది. అప్పుడు చేతులు దిగాయి.

“బంతి ఏది హుదాక్?” అన్నాడు కోచ్.

“ఆవిడ చూస్తోంది కదండీ.”

పోనీ పైకప్పు ఫిల్ము చూద్దామంటే, ఆట అంటే గిట్టని జోఫీ మేం గెలిచిన ఆ క్షణంలో ఎగిరి గంతేసి కెమెరాను తన్నింది. అందులో ఒక మేఘం ఉంది.

జెరోమ్‌ను చూడడానికి నగరంలోని పెద్ద జట్టు వాళ్ళ మనిషి ఒకాయన వచ్చాడు. చర్చి హాల్లో ఆ ఫిల్ము చూసి, కుర్రాడి సంగతి పక్కన పెట్టి, ఇది తీసిందెవరని అడిగాడు. అలా మెటోడ్ ఆదివారం మొదటి పూజకి వెళ్ళి, ముందే సత్ప్రసాదం తీసుకుని, కడుపునిండా తిని నగరం బస్సెక్కడం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి పెద్ద పెద్ద మైదానాల అంచున బోర్లా పడుకున్నాడు. అతని కింద పనిచేసే కుర్రాళ్ళు తయారయ్యారు, కెమెరాలు మారాయి, రంగులొచ్చాయి. చలికాలం ఆటలో ఆటగాడి నోట్లో ఆవిరి నెమ్మదిగా లేవడం చూసినప్పుడల్లా అది మా ఊరి సెలూన్ గోడ మీద పుట్టిందని నేను అంటాను. మా మనవలు ఒకరినొకరు చూసి నవ్వుకుంటారు. వారం మధ్యలో అతను మాత్రం కొండదారి సెలూన్‌లో గడ్డాలు గీస్తూనే ఉన్నాడు. మానమంటే, “చెయ్యి మరిచిపోతే కన్నూ మరిచిపోతుంది,” అనేవాడు.

చివరికి చెయ్యే వణకడం మొదలుపెట్టింది. కత్తి పట్టలేకపోయాడు. జోఫీ పోయాక, శనివారాలు నేనే వెళ్ళి అతని కుర్చీలో అతన్నే కూర్చోబెట్టి నురగ పూసేవాణ్ణి. ఏమైనా చెప్పమనేవాడు. నేను ఆ విసురు గురించి చెప్పేవాణ్ణి. ఎన్నిసార్లు చెప్పినా బంతి ఇంకొంచెం దూరం వెళ్ళేది. ఫిల్ము లేదు కదా, అడ్డేముంది?

“మైదానం ఈ చివరనుంచి ఆ చివరికి మెటోడ్,” అన్నాను ఆ చలికాలం. “మబ్బులోకి వెళ్ళి బయటికొచ్చింది. జోఫీ తీసిన మేఘం అదే. మనవాడు ఒంటిచేత్తో పట్టాడు, వెనక్కి పరిగెడుతూ, బూటు ఊడిపోతే ఒక కాలితో.”

అతను కళ్ళు మూసుకునే ఉన్నాడు. నురగలోంచి పెదవి కదిలింది.

“కనుబొమ్మ లేచింది.”

“నువ్వు చూడలేదుగా.”

“చూడాలా ఏమిటి?” అన్నాడు. “ఆ బూటు సంగతి మళ్ళీ చెప్పు. నెమ్మదిగా.”